ఎవరిని అడగాలి? – మా పాత సినిమా వార్తల సైటు పనుల డైరీ

2024 జులై 7, ఆదివారం

నెలకొకసారి నలుగురం ఫోనులో మాట్లాడుకుంటాం. గంటలో తేలాల్సిన మాట ఈసారి రెండున్నర గంటలు సాగింది. విషయం ఒక్కటే: మన సైటులో ఇంటర్వ్యూలు ఉండాలా, వద్దా?

తెనాలిలో రిటైరైన లెక్కల మాస్టారు, ఇక్కడ విజయవాడ సింగ్‌నగర్‌లో డీటీపీ పని చేసుకునే తమ్ముడు (మా పిన్ని కొడుకు), డల్లాస్‌లో ఉండే వదిన, నేను. ఆరేళ్లుగా పాత తెలుగు సినిమాల వార్తలు రాస్తున్నాం. ఏ సినిమా మళ్లీ విడుదలవుతోంది, ఎవరి శతజయంతి ఎక్కడ జరుగుతోంది, ఎక్కడ ఏ ప్రింటు దొరికింది – అంతే. జీతాలు లేవు, ప్రకటనలు లేవు. ఇష్టం కొద్దీ చేస్తున్న పని.

గొడవ మొదలైంది పోయిన నెలలో. ఒక సీనియర్ నటుడి ఇంటర్వ్యూ కోసం అడిగితే, ఆయన తరఫున ప్రచారం చూసే వ్యక్తి పది ప్రశ్నలు రాసి పంపారు. ప్రశ్నలతో పాటు జవాబులు కూడా. మేం వేయలేదు. అప్పటి నుంచి మాస్టారు ఒకటే మాట: ఇంటర్వ్యూల జోలికి పోవద్దు, వార్తలు రాసుకుందాం.

ఆయన వాదనలో బలం లేకపోలేదు. "మనం అభిమానులం అమ్మా. ఇష్టమైన మనిషి ఎదురుగా కూర్చుంటే నోట్లోంచి పొగడ్త వస్తుంది గాని ప్రశ్న రాదు. చదివేవారికి మన పొగడ్తతో పనేముంది?" అన్నారు. ఆ తర్వాత 'భక్త ప్రహ్లాద' ఉదాహరణ తీశారు. మన మొదటి టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల తరబడి పుస్తకాలూ పత్రికలూ రాస్తూ వచ్చాయి. పాత్రికేయులు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలూ సెన్సారు వివరాలూ వెతికి, సెన్సారు అయిందే 1932 జనవరి 22న అని, బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది ఫిబ్రవరి 6న అని ఆధారాలతో తేల్చారు. "కాగితం చూడకుండా ఒకరు చెప్పింది ఇంకొకరు రాస్తూ పోతే అదీ జరిగేది. మనం కూడా ఆ వరసలో చేరదామా?" అన్నారు మాస్టారు.

దానికి నేను 'మాయాబజార్'తో జవాబు చెప్పాను. టైటిళ్లలో సంగీతం ఘంటసాల అని ఉంటుంది. కాని "లాహిరి లాహిరి లాహిరిలో", "చూపులు కలసిన శుభవేళ" లాంటి నాలుగు పాటలకు మొదట వరసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు అని, ఆయన తప్పుకొన్నాక మిగిలిన పని ఘంటసాల చేశారని సంగీతాభిమానులందరికీ తెలుసు. ఎలా తెలిసింది? తెర మీద ఆ ముక్క లేదు. ఆ రోజుల్లో అక్కడ ఉన్నవాళ్లు చెబితే నిలిచింది. కాగితం నోరు విప్పని చోట మనిషి చెప్పాలి మాస్టారూ అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకొన్నట్టు కాదు, ఆలోచిస్తున్నట్టు.

చివరికి వదిన మధ్యేమార్గం చెప్పింది. మూడు నెలలు చూద్దాం. ఒకే ఒక్క ఇంటర్వ్యూ చేద్దాం, దాన్ని బట్టి నిర్ణయించుకుందాం. నటులు మాత్రం ప్రస్తుతానికి వద్దు.

జులై 21, ఆదివారం

ఎవరిని అడగాలి అన్న జాబితా వేశాం. తారల వారసులతో మొదలైంది, వెంటనే కొట్టేశాం. జయంతికీ వర్ధంతికీ వాళ్లు చెప్పే నాలుగైదు సంగతులు అందరికీ కంఠతా వచ్చేశాయి. వాళ్ల తప్పు కాదు, అందరూ అడిగేవి అవే. తర్వాత కోరస్ గాయనులు, వాద్యబృందంలో వయొలిన్ వాయించినవారు, బ్యానర్లు రాసినవారు, పాటల పుస్తకాలు అచ్చువేసిన ప్రెస్సులవాళ్లు. చాలామంది చెన్నైలో ఉండాలి, ఎక్కడున్నారో వెతకాలి. దగ్గరలో, వెంటనే దొరికేవాళ్లు ఎవరని ఆలోచిస్తే హాలు గుర్తొచ్చింది.

సినిమా తీసినవాళ్ల గురించి ఎంతో కొంత రాశారు. వేసినవాళ్ల గురించి రాసిందేదీ? మూడు గంటల సినిమా అంటే సుమారు 16,000 అడుగుల ఫిలిం. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. రోజుకు నాలుగు ఆటలు, ఆటకు పదహారు రీళ్లు, ఒక్కొక్కటీ ఒక మనిషి చేతి మీదుగా పోవాల్సిందే. డిజిటల్ వచ్చాక ఆ పని పోయింది. ఆ మనుషులు డెబ్బయ్యో ఎనభయ్యో దాటి ఉంటారు. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు?

ఏలూరులో ఒక పాత హాలు ఇప్పుడు కల్యాణ మండపం. దాని ఎదుటి టీ కొట్టులో అడిగితే అక్కడ సినిమాలు వేసిన ఆపరేటరుగారి ఇల్లు చెప్పారు. ఫోను చేశాను. "నాతో ఏం పనమ్మా, నేనేమైనా యాక్టరునా?" అన్నారు. యాక్టరు కాదు కనుకే అని చెప్పాను.

ఆగస్టు 4, ఆదివారం

ఏలూరు వెళ్లి వచ్చాం, నేనూ తమ్ముడూ. రాత్రి పదకొండయింది, అయినా ఈ రోజే రాసి పడుకోవాలి.

ముందు పని సంగతి. ఫోనులోనే రికార్డు చేశాం. ఫ్యాను తిరుగుతుంటే మాటల మీద హోరు పడుతోంది. ఆపితే ఉక్కపోత. పెద్దవయసు మనిషిని చెమటలో కూర్చోబెట్టలేం కదా. ఫోనును మడత పెట్టిన తువ్వాలు మీద ఉంచి, ఆయనకు మూరెడు దూరంలో స్టూలు మీద పెడితే హోరు చాలావరకు తగ్గింది. రెండో ఫోనులో ఇంకో కాపీ నడిచింది.

ఆయనకు డెబ్బయ్యెనిమిదేళ్లు. 1962లో పదహారేళ్లప్పుడు హాల్లో సినిమా మిషన్లుండే గదిలో, అంటే బూతులో, సహాయకుడిగా చేరి, 2006లో ఆపరేటరుగా మానేశారు. నేను తెలివితక్కువగా, "మీకు బాగా నచ్చిన సినిమా ఏది బాబాయిగారూ?" అని మొదలుపెట్టాను. "అన్నీ మంచివేనమ్మా" అన్నారు. నచ్చిన నటుడు? "అందరూ గొప్పవాళ్లే." మొదటి ఇరవై నిమిషాలు ఇలాగే నడిచింది. ఆయన మర్యాదగా జవాబులు చెబుతున్నారు, నేను మర్యాదగా రాసుకుంటున్నాను. పుస్తకంలో ఒక్క ముక్కయినా పనికొచ్చేది లేదు.

అప్పుడు తమ్ముడు అందుకుని, "కార్బను ఎలా మార్చేవాళ్లండీ?" అని అడిగాడు. పాత మిషన్లలో దీపమంటే ఎదురెదురుగా కాలే రెండు కార్బను కడ్డీల మధ్య వెలుగే.

ఆయన లేచారు. మనవడి డబ్బాలోంచి రెండు పెన్సిళ్లు తీసి, మొనలు ఎదురెదురుగా పట్టుకుని చూపించారు. "ఇంత సందు ఉండాలి. అవి కాలుతూ అరిగిపోతుంటాయి, సందు పెరుగుతుంది. పెరిగితే దీపం కొట్టుకుంటుంది. దగ్గరికి మరీ జరిపితే రెండూ అతుక్కుంటాయి. తెర పసుపుపచ్చగా తిరిగిందంటే నేల టిక్కెట్టువాళ్ల ఈలలు బూతులోకి వినబడతాయి." పెన్సిళ్ల మధ్య ఆయన పట్టిన సందు నా చిటికెన వేలి మందం కూడా లేదు. మాట్లాడుతున్నంతసేపూ ఆ రెండింటినీ కొంచెం కొంచెం దగ్గరికి జరుపుతూనే ఉన్నారు. కడ్డీ అరుగుతున్నట్టే, తాను సరిచేస్తున్నట్టే.

ఇక ఆగలేదు. రెండు మిషన్లు పక్కపక్కనే. ఒకదాంట్లో రీలు నడుస్తుంటే రెండోదాంట్లో తర్వాతి రీలు ఎక్కించి ఉంచాలి. తెరకు కుడివైపు పైమూలలో చుక్క పడుతుంది. మొదటి చుక్కకు రెండో మిషను మోటారు వేయాలి. ఏడు సెకన్ల తర్వాత ఇంకో చుక్క, దానికి వెలుగు అటు మార్చాలి. హాల్లో కూర్చున్నవాళ్లకు రీలు మారినట్టు తెలియకూడదు. "తెలిసిందంటే నా పని చెడ్డట్టు" అన్నారు.

తమ్ముడు ల్యాప్‌టాప్‌లో ఒక పాత సినిమా పెట్టాడు. మాటలకు కాస్త ఊతంగా ఉంటుందని పెట్టింది, మేమెవరం అటు చూడటం లేదు. ఆయన భార్య టీ తెచ్చారు. ఆయన కప్పు అందుకుంటూ మనవడి చదువు గురించి చెబుతున్నారు. ఉన్నట్టుండి కుడిచెయ్యి కుర్చీ మీద నుంచి లేచింది. "చుక్క" అన్నారు.

మేం ఏమీ చూడలేదు. వెనక్కి తిప్పాం. మామూలుగా నడిపితే మళ్లీ కనబడలేదు. ఒక్కొక్క ఫ్రేమూ జరిపితే దొరికింది: కుడిపైమూల చిన్న గుండ్రటి మచ్చ, నాలుగు ఫ్రేములు. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములంటే, సెకనులో ఆరోవంతు. ఆయన బూతు వదిలి పద్దెనిమిదేళ్లయింది. చూపు ఒకవైపు, మాట ఇంకోవైపు ఉన్నా చెయ్యి మాత్రం కాచుకుని ఉంది. నాకు కాసేపు గొంతు పెగల్లేదు. ప్రశ్నల కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

తర్వాత ఆయన చెప్పినవాటిలో నన్ను బాగా పట్టుకున్నది పాటల సంగతి. పాత ప్రింట్లలో పాటలు వచ్చేసరికి గీతలూ గెంతులూ ఎక్కువగా ఉంటాయి. వయసు మీద పడి అలా అయ్యాయనుకునేదాన్ని. ఆయన చెప్పింది వేరు: "జనం వన్స్‌మోర్ అని కేకలేసేవాళ్లు. రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేసేవాళ్లం. పాట ఉన్న రీలు ఆటకు రెండుసార్లు నడిచేది. అరిగేదీ తెగేదీ అదే." తెగినచోట బ్లేడుతో గీకి, సిమెంటు (ఫిలిం అతికే జిగురు) రాసి అతికేవారు. ప్రతి అతుక్కీ ఒకటి రెండు ఫ్రేములు పోతాయి. అంటే జనం ఏ పాటను ఎక్కువగా ప్రేమించారో ఆ పాటే ఎక్కువ దెబ్బతిన్నది! పునరుద్ధరణ వార్తలు ఇన్ని రాశాను, ఈ కోణం ఒక్కనాడూ నాకు తట్టలేదు.

ఇంకొకటి. ఒకే ప్రింటుతో రెండు హాళ్లు నడిపిన రోజులు. ఇక్కడ రీలు అవగానే ఒక కుర్రవాడు సైకిలు మీద అక్కడికి పట్టుకెళ్లేవాడు. మధ్యలో రైలు గేటు పడిందంటే అక్కడ ఆట ఆగిపోయేది, స్లైడ్లు వేసుకుంటూ కాలక్షేపం చేసేవారు. ఆ కుర్రవాడు ఎవరండీ అని అడిగాను. ఎక్కడున్నాడో కనుక్కుంటానన్నారు.

రెండు గంటల నలభై నిమిషాల ధ్వని. రాగానే ఒక కాపీ డల్లాస్ వదినకు పంపాను, ఇంకోటి పెన్‌డ్రైవులో, మూడోది తమ్ముడి కంప్యూటర్లో.

ఆగస్టు 14, బుధవారం

పది రోజులుగా అక్షరాల్లోకి ఎక్కిస్తున్నాను. గంట మాటకు ఆరు గంటల పని పడుతోంది. యంత్రంతో రాయించి చూశాను. "కార్బను" అన్నచోటల్లా వేరే మాటలు వచ్చాయి. ఇలాంటి పనిమాటలు వినిపించిన చోట చెవి పెట్టి రాసుకోవడమే. ఆయన వాడిన మాటల్ని దిద్దకూడదని ముందే అనుకున్నాం. బూతును ప్రొజెక్షన్ గది అనడం, చుక్కను సంకేత చిహ్నం అనడం లాంటివి చేస్తే ఆ మనిషే ఉండడు.

సాయంత్రం ఆయన ఫోను చేశారు. ఒక యజమాని తనకు నెలల తరబడి జీతం ఆపిన సంగతి ఆ రోజు మాటల్లో చెప్పారు. "అది తీసేయమ్మా. వాళ్ల పిల్లలు ఇక్కడే ఉన్నారు, నన్ను చూస్తే నమస్కారం పెడతారు." తీసేస్తానని వెంటనే మాట ఇచ్చాను.

రాత్రి మాస్టారు నిలదీశారు. నటుడి తరఫువాళ్లు రాసి పంపితే ఒప్పుకోలేదు, ఈయన తీయమంటే తీశావు, ఇదేం న్యాయం? మంచి ప్రశ్న. నా జవాబు ఇది. నటుడికి రేపు ఇంకో పది మైకులు దొరుకుతాయి, తన మాట తాను దిద్దుకోగలడు. ఈయన జీవితంలో అడిగింది మనమొక్కరమే. అచ్చులో పడితే ఆ వీధిలో బతకాల్సింది ఆయన. అచ్చుకు ముందు ఆయనకు మొత్తం చదివి వినిపిస్తాను, తన బతుకు గురించిన మాటను వెనక్కి తీసుకునే హక్కు ఆయనకు ఉంటుంది. పని గురించి చెప్పిన వాస్తవాన్ని మార్చమంటే మాత్రం మాట్లాడుకోవాలి. మాస్టారు, "రాసి పెట్టు, ఇక ముందు అందరికీ ఇదే వర్తించాలి" అన్నారు. రాసి పెట్టాను.

ఆగస్టు 25, ఆదివారం

మాస్టారు తప్పు పట్టారు. 'మాయాబజార్' మొదటిసారి వచ్చినప్పుడు తానే వేశానని ఆపరేటరుగారు అన్నారు. ఆ సినిమా విడుదల 1957 మార్చి 27. అప్పటికి ఆయనకు పదకొండేళ్లు. పనిలో చేరడానికి ఇంకా అయిదేళ్లుంది.

ఎలా అడగాలో తెలియక రెండు రోజులు తాత్సారం చేశాను. అబద్ధమాడారని అనుకుంటారేమోనని భయం. చివరికి ఫోను చేసి తేదీ చెబితే, క్షణం ఆగి నవ్వారు. "నిజమేనమ్మా. నేను వేసింది తర్వాత మళ్లీ వచ్చినప్పుడు. మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ ఒళ్లో కూర్చుని నేల టిక్కెట్టు మీద చూశాను. రెండూ కలిసిపోయాయి." ఒళ్లో కూర్చునే వయసు కాకపోయినా జనం కిక్కిరిసి కూర్చోబెట్టుకుందట. తప్పు దిద్దడానికి వెళ్తే ఇంత మంచి సంగతి చేతికొచ్చింది.

రికార్డు మొత్తం మరోసారి విన్నాం. రీలు పొడవు, చుక్కల మధ్య సెకన్లు, సిమెంటు ఆరే సమయం, కడ్డీకి ఉండే రాగి పూత – చేత్తో చేసినవాటిలో ఒక్కటీ తప్పు దొరకలేదు. తప్పులన్నీ తేదీల దగ్గరా, అంకెల దగ్గరా, ఏ సినిమా ఎన్ని రోజులాడింది అన్న దగ్గరా. కనుక ఇకపై తేదీలు మనుషుల్ని అడగం. వాటిని మనమే కాగితాల్లో వెతుక్కుందాం. మనుషుల్ని వాళ్ల చేతులు చేసిన పని అడుగుదాం. ఈ మాట అన్నది నేను కాదు, మాస్టారు! జులైలో వద్దన్న మనిషి.

సెప్టెంబరు 8, ఆదివారం

సైటు పని వారం రోజులుగా లేదు. 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచేసింది. తమ్ముడివాళ్లు పైపోర్షనులో తలదాచుకున్నారు, నాలుగో రోజు పడవ మీద బయటికి వచ్చారు. మనుషులు క్షేమం. కింది గదిలోని కంప్యూటర్లు రెండూ పోయాయి. ఇంటర్వ్యూ వదిన దగ్గరా నా దగ్గరా భద్రంగా ఉంది.

పోయింది వేరే. వాడు చిన్నప్పటి నుంచి కూడబెట్టిన పాటల పుస్తకాలు, 140. హాలు బయట అమ్మే చిన్న పుస్తకాలు, నాలుగు పేజీల కథ, చివర "శేషం వెండితెరపై". ఇనుప బీరువా కింది అరలో పెట్టాడు. ఈ రోజు మా డాబా మీద పాత చీరలు పరిచి ఆరబెట్టాం. బురద పట్టి అట్టలు ఒకదానికొకటి అంటుకున్నాయి. లాగితే చిరుగుతున్నాయి. అందుకని కాగితానికీ కాగితానికీ మధ్య దినపత్రిక ముక్క పెట్టి నీడలో ఉంచాం. అరవై దాకా దక్కుతాయేమో. దక్కిన ప్రతిదాన్నీ అప్పటికప్పుడే ఫొటో తీస్తున్నాను.

సెప్టెంబరు 20, శుక్రవారం

అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతి. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఈ రోజు నుంచి 22 దాకా దేశంలో పలు నగరాల్లో ఆయన సినిమాలు పది వేస్తోంది. 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'గుండమ్మ కథ' అందులో ఉన్నాయి. ఆ వార్త ఆరు వాక్యాల్లో ఇచ్చాం. దాని పక్కనే మా ఆపరేటరుగారి ఇంటర్వ్యూ.

వార్తనూ ఇంటర్వ్యూనూ కలపలేదు. ఆయన మాటలు ఆయనవే. మేం వెతికి చేర్చిన తేదీలు వేరే గడిలో, మా మాటగా. నిన్న రాత్రి ఫోనులో మొత్తం చదివి వినిపించాను. "చుక్క" దగ్గరికి వచ్చేసరికి, "అది కూడా రాశారా?" అన్నారు. అదే అసలు ఇంటర్వ్యూ అని చెప్పాను. ఫొటో వేయడానికి ఒప్పుకోలేదు. ఆ రెండు పెన్సిళ్లు పట్టుకున్న చేతుల ఫొటో మాత్రం వేసుకోమన్నారు.

అక్టోబరు 6, ఆదివారం

మూడు నెలల గడువు ముగిసింది. ఇంటర్వ్యూలు ఉంటాయి, రెండు నెలలకొకటి. అంతకన్నా తొందరపడితే చదివి వినిపించడానికీ సరిచూసుకోవడానికీ చెయ్యి చాలదు. నటుల సంగతి వదిన మళ్లీ ఎత్తింది. వాళ్లకు ఎప్పటికీ వద్దని తలుపు మూయడం న్యాయం కాదంది. ఒప్పుకొన్నాం. వాళ్లనూ ఇదే అడుగుదాం: కళ్లు చెదిరే ఆ దీపాల వేడిలో రెప్ప వేయకుండా ఎలా నిలబడేవారు, పాటకు పెదవులు కలపడం ఎవరి దగ్గర నేర్చుకున్నారు. చెప్పడానికి ఇష్టపడితే మా ఇంటికి వచ్చినంత సంతోషం. ప్రచారం కోసమైతే వేరేచోట్లు చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం ఏలూరు నుంచి ఫోను. సైకిలు కుర్రవాడు దొరికాడట. దెందులూరు దగ్గర కూతురి ఇంట్లో ఉంటున్నారు, ఇప్పుడు డెబ్బయ్యేళ్లు. దసరా వెళ్లిన మర్నాడు రమ్మన్నారు. ప్రశ్నలు రాసుకోవడం మొదలుపెట్టాను. సైకిలు ఎవరిది? రీలు డబ్బా వెనక క్యారేజీకి కట్టేవారా, హ్యాండిలుకు తగిలించేవారా? వాన పడితే దేనితో కప్పేవారు? గేటు పడినప్పుడు, అవతల హాలంతా ఎదురుచూస్తోందని తెలిసి, ఏం చేసేవారు?